జింకల తొట్టి

జింకలకు నీళ్లతొట్టి కట్టమని సలహా ఇచ్చిన హైదరాబాదు నిపుణుడు ఏడాదికి మళ్లీ కదిరి అడవికి వచ్చాడు. తొట్టి పక్కన జింకపిల్ల చచ్చిపడి ఉంది. ఫారెస్టు వాచరును అడిగాడు.

“చిరుత పనా?”

“కుక్కలు సార్. ఈ నెలలో ఇది ఆరోది.”

“కుక్కలు ఇదివరకూ ఉండేవిగా?”

“ఉండె. ఈ కరువుకు గుంతలన్నీ ఎండిపాయ. జింకలన్నీ ఈ ఒక్క తొట్టికే వస్తాండాయి. కుక్కలకు ఎతుక్కునే పని తప్పింది.”

“అయితే నీళ్లు ఆపెయ్యండి.”

“రెండు దినాలు ఆపినా సార్. జింకలు ఒట్టి సిమెంటును నాకతా నిలబడినాయి.”

“ఇంకో నాలుగు తొట్లు కట్టించమని రాస్తాను.”

“పోయినేడూ నాలుగనే రాసినారు గదా సార్. కట్టింది ఇదొక్కటే.”

నిపుణుడు అడుగంటిన తొట్టిలోకి తొంగి చూశాడు.

“ట్యాంకరొచ్చే టయమైంది. పొయ్యమందునా, ఎనక్కి పంపిద్దునా?”

“మీరైతే ఏం చేస్తారు?”

“నాకు తెలీకనే గదా సార్, మీరెప్పుడొస్తారా అని కాసుకోనుండేది.”