గువ్వల అంచు ఉన్న పెట్టె

చౌడమ్మ ఉందే, చీరాల అవతల నేతపేటలో మగ్గాలకి అట్టలు కొట్టే చౌడమ్మ, ఆమె మొండిదంటే అట్టా ఇట్టా మొండిది కాదంట. అట్టలంటే తెలుసుగా మీకు? చీర అంచులో పువ్వు పడాలన్నా పిట్ట పడాలన్నా మగ్గం నెత్తిన జకార్డు ఉండిద్ది, దానికి చిల్లులు పొడిచిన అట్టలు దండలాగా గుచ్చి వేలాడేస్తారు. ఏ చిల్లు ఎక్కడుందో దాన్నిబట్టి పోగు లేచిద్ది. ఒక్క చిల్లు తప్పిందనుకో, పిట్టకి ముక్కుండదు. ఆ చిల్లులు పొడిచేది చౌడమ్మ. ఆమె, ఆమె తోడికోడలు వీరనాగమ్మ కలిసి వయసులో ఉన్నప్పుడు గువ్వల అంచని ఒకటి కట్టారంట. రెండు వందల నలభై అట్టల అంచు. ఆ పేటలో తప్ప ఇంకెక్కడా లేదది. వీరనాగమ్మ పోయి ఆరేళ్ళయింది.

సరే, ఏమైందంటే, ఆ ఏడు తుఫానుకి ఏకాంబరం మగ్గంగుంటలోకి నీళ్ళొచ్చినయ్యంట. అట్టలన్నీ నాని ఉబ్బిపోయినయ్. గువ్వల అంచు నేసేది పేట మొత్తానికి అతనొక్కడే అప్పటికి. అత్తా, మళ్ళీ కొట్టిపెట్టు అన్నాడు. గళ్ళ కాయితం మీద గీసిన పటం చూద్దామని ట్రంకుపెట్టె తీస్తే చెదలు. అదెంతలే, అంచు నా చేతుల్లో ఉంది అందంట చౌడమ్మ, పదిమందీ వింటుండగా. అని, అందరూ పోయాక కొత్త కాయితం ముందేసుకుని కూర్చుంది. మొదటి గువ్వ చక్కగా వచ్చింది. రెండో గువ్వ తల ఎటు తిప్పిద్ది? చెయ్యి ఆగిపోయింది. అటు గీసింది, కాదు. ఇటు గీసింది, అదీ కాదు. ముప్పై ఏళ్ళు పొడిచిన చెయ్యి అనుకో. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమంటారు, పెద్దది అయిపోయింది పాపం అంటారు. ఏకాంబరం ఊరుకుంటాడా, "అత్తా, సోమవారం దాకా చూస్తా. ఆపైన జకార్డు దించేసి సాదా చీరలు ఎక్కిచ్చుకుంటా. మగ్గం పండుకుంటే ఇల్లెట్టా గడిచిద్ది?" అన్నాడు. అతని తప్పు లేదులే. కానీ ఒకసారి దించాక మళ్ళీ ఎక్కిచ్చేవాళ్ళెవరు? ఆ అంచు ఆ రోజుతో సరి.

అప్పుడు గుర్తొచ్చిందంట, నేతగాళ్ళ సొసైటీ ఆఫీసు మేడ మీద కంప్యూటరు. ఇప్పటి కంప్యూటరు కాదమ్మా, వాళ్ళు పడుచుగా ఉన్నప్పుడు కొన్నది. పెద్ద రేకు పెట్టె, దాని మీద గూడులాంటి టీవీ, నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. గువ్వల అంచు గడి గడీ లెక్కబెట్టి దాంట్లోకి ఎక్కిచ్చింది వీరనాగమ్మే. మూడేళ్ళుగా దాని మొహం చూసినోళ్ళు లేరు. చౌడమ్మ వెళ్ళి స్విచ్చి వేసింది. బుయ్యిమంది, కీచుమంది, తెర మీద ఒక్క ముక్క రాసింది, డిస్కు లేదు అని. ఎట్టా లేదు, నా కళ్ళముందు పెట్టిందేగా అందంట ఈమె దాంతో. చీరాల నుంచి సుభానీ అని బాగుచేసే అతన్ని పిలిపిచ్చారు. అతను మూత విప్పి చూసి, "పిన్నమ్మా, ఇది నా కంటే ముందు పుట్టింది, దీని మర్మం నాకు తెలవదు. డిస్కు తిరుగుతా ఉంది కానీ దీనికి కనపడట్లా. మొత్తం తుడిచేసి కొత్తగా పెడితే నడవచ్చు" అన్నాడు. తుడిస్తే లోపలున్నదో? "పోయిద్ది." అయితే నువ్వు టీ తాగి వెళ్ళు నాయనా అందంట.

ఆ పెట్టెతోపాటే వచ్చిన పుస్తకం ఒకటి బీరువాలో ఉంది, ఇంగ్లీషుది. చౌడమ్మ బడికి పోయింది అయిదో తరగతి దాకానే, మిగతాదంతా పొట్లాం కాయితాల నుంచి కూడబలుక్కుని నేర్చుకున్న చదువు. ఆ పుస్తకం పట్టుకుని రెండు రోజులు కూర్చుంది. ఏమని ఉందంటే, ఈ పెట్టెకి తన దగ్గర డిస్కు ఉందని తనంతట తనకి తెలవదంట. డిస్కు కొలతలు మూడు అంకెల్లో చెప్పాల. అవి గుర్తుండటానికి పక్కన నాలుగు పెన్సిలు సెల్లులు. సెల్లులు చస్తే అంకెలు మర్చిపోయిద్ది. డిస్కులో సరుకు ఎక్కడికీ పోదు, ఉందన్న సంగతే మర్చిపోయిద్ది. అది చదివి చౌడమ్మ ఆ ముక్క మీదే వేలు పెట్టి మళ్ళీ చదివిందంట. ఎందుకు చదివిందో నన్నడక్కండి.

లేచి సెల్లుల డబ్బా ఊడదీసింది. చిలుం పట్టి పచ్చగా ఉంది. నిమ్మచెక్కతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఎండబెట్టి, గోడ గడియారంలోవి రెండు, టార్చిలైటులోవి రెండు సెల్లులు వేసింది. ఇక అంకెలు. డిస్కు నెత్తిన అంటిచ్చిన కాయితం మీద ఉంటయ్యని పుస్తకం చెప్పింది. చూస్తే ఏముంది, కాయితం నిండా గంధం, కుంకం, వేలు మందాన పేరుకుని. ఎవరి పని? ఈమె పనే. దసరాకి మగ్గాలకి, కత్తెరలకి బొట్టు పెడతాంగా, కంప్యూటరు కొన్న ఏడు వీరనాగమ్మ, బయట రేకుకి పెడితే దానికి చెందుద్దా అక్కా, లోపల గుండెకాయకి పెట్టాల అని మూత తీయిచ్చిందంట. అప్పటి నుంచి అది మూలపడిందాకా ఏటేటా చౌడమ్మ తన చేత్తో, తడి గంధంతో, సరిగ్గా ఆ అంకెల మీదే.

కొబ్బరినూనెలో దూది ముంచి నానబెట్టింది. మొదటి అంకె వచ్చింది, తొమ్మిది వందల ఎనభై తొమ్మిది. రెండోది పన్నెండు. మూడోదానికి కొంచెం తొందరపడింది, ముందున్న మూడు కనపడింది, దాని పక్కది కుంకంతోపాటు ఊడొచ్చింది. అయితే ఏముంది, ముప్పై నుంచి ముప్పై తొమ్మిది దాకా పదేగా అనుకుంది. ఒక్కోసారికీ మూడు అంకెలూ మళ్ళీ కొట్టాల, ఆపాల, వెయ్యాల, అది బుయ్యిమనాల. ముప్పై వేసింది, డిస్కు లేదంది. ముప్పై ఒకటి, లేదంది. అట్టా పోతా ఉండగా ఏకాంబరం మెట్లెక్కి వచ్చాడు. అప్పటికి ఆదివారం పొద్దున. "ఏందత్తా, దానికి లాలిపాట పాడుతున్నావా? రేపు జకార్డు దించడానికి మనుషుల్ని పిలిచా" అని, వాళ్ళ మామ మోకాలి నొప్పి సంగతీ, తుఫాను బియ్యం సంగతీ ఒకటే చెప్పాడు. అతని మాట అయ్యి ఇటు తిరిగేసరికి, ముప్పై ఏడు అయిందా ఎనిమిది అయిందా? గుర్తులేదు. ఎంత తన్నుకున్నా గుర్తులేదు. "ఏదో ఒకటిలే అత్తా, ఎనిమిది కొట్టు" అన్నాడు. "ఏదో ఒకటి కొడితే నీ అంచులో పిట్ట కాకయిద్దిరా" అంది. అని గోడ మీద సుద్దముక్కతో ముప్పై అని రాసింది. మళ్ళీ మొదటి నుంచి.

ఈసారి కొట్టిన ప్రతిదీ గోడ మీద రాస్తా పోయింది. ముప్పై ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఏకాంబరం స్టూలు మీద కూర్చుని బీడీ కూడా వెలిగిచ్చుకోకుండా చూస్తున్నాడు. ముప్పై అయిదు కొట్టింది. పెట్టె బుయ్యిమంది, లోపల ఏదో గరగరా కదిలింది, తెర మీద పచ్చటి వరసలు దిగినయ్. మీరందరూ అనుకుంటున్నది అదేగా, ఇందాక ముప్పై అయిదు దాటిపోయిందే, అప్పుడెందుకు పలకలేదని. ఏముంది, మొదటిసారి ఏ వేలు ఎక్కడ పడిందో, పన్నెండు బదులు ఇంకేమన్నా కొట్టిందేమో. ఆమె గనక ఎక్కడున్నదీ మర్చిపోకుండా తొమ్మిది దాకా తిన్నగా పోయి ఉంటే, పదీ అయిపోయినయ్ ఇక లేదని మూత పెట్టేసేది.

అంచు తెరిచింది. గువ్వ వచ్చింది. రెండో గువ్వ తల అటూ లేదు ఇటూ లేదు, రెక్కలో దూర్చుకుని నిద్రపోతా ఉంది. "ఓసి వీరనాగా" అందంట చౌడమ్మ. గళ్ళ కాయితం తీసి పైవరస నుంచి గీయడం మొదలుపెట్టింది. "రేపొచ్చే మనుషులకి వద్దని చెప్పిరా, అట్టలు కొనుక్కురా, నిలబడి ఏం చూస్తావ్" అంది. ఏకాంబరం పరిగెత్తాడు. ఆ పటం ఒకటి కాదు, నాలుగు గీసిందంట, నాలుగు ఇళ్ళల్లో ఇచ్చింది.

అదమ్మా సంగతి. ఈ కథ మీకు ఇంతకుముందే చెప్పానా? ఆ మూలనున్నామె నవ్వుతా ఉంది, చెప్పినట్టే ఉన్నా. పోనీలే, పోయినసారి దీంట్లో ఏ ముక్క వదిలేశానో ఎవరికి తెలుసు.