చెప్పుల కోసం వెనక్కొచ్చినవాడు

ఫోన్లో ఏం చూస్తున్నావ్ తల్లీ? ఇటు తిప్పు. అరె, మన అఖ్లాక్ బేగ్! కరాచీ అంతా వీణ్ణి టీవీలో చూసింది గానీ, వీడితో ఒకే గల్లీలో గోళీలాడింది మాత్రం నేనే. వేషాలేసి నవ్వించేవాడా, ఒకరోజు టీవీవాళ్ళ దగ్గరకెళ్ళి నాటకం నేనే తీస్తానన్నాడు. వాళ్ళ పెద్దాయన, ఇదిగో ఇలా ముక్కుతో మాట్లాడేవాడులే, "తియ్యవయ్యా, జనం నవ్వకపోతే మాత్రం వేషాలు కూడా మర్చిపో" అన్నాట్ట. అలా తీసిందే ఇది. వేషమూ వాడిదే. తీరా అది వచ్చేది ఏ రోజనుకున్నావ్? నా పెళ్ళిరోజు సాయంత్రం! మీ నానమ్మ వాళ్ళింట్లో టీవీ ఉండేది. ఇంకేముంది, షామియానా ఖాళీ. ఖాజీగారే "నిఖా ఎక్కడికీ పోదు, ముందిది చూడనివ్వండి" అని ముందు వరసలో కూర్చున్నాడు. పరదాకి ఇటు మగాళ్ళం, అటు ఆడాళ్ళు. నేనేమో మొహం నిండా పూలదండలు, ఒక్క ముక్క కనబడితే ఒట్టు. అఖ్లాక్ లోపలికే రాలేదు. బయట బిర్యానీ గుండిగల దగ్గర గోడకి మొహం పెట్టి నిలబడ్డాడు, పాపం. అందులో ఒకచోట మొగుడు పెళ్ళాంతో పోట్లాడి, పరుపు చుట్టుకుని ఇల్లొదిలి పోతాడు. గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల కోసం వెనక్కొస్తాడు. తొడుక్కుందామని మంచం మీద కూర్చుంటాడు. ఇంక లేవడు. అంతే! ఒక్క మాట ఉండదు. మగాళ్ళెవరూ నవ్వలేదు. మా బాబాయైతే "గొంతు పోయింది దీనికి" అని టీవీని రెండు బాదాడు. అప్పుడు పరదా అవతల ఒక్క నవ్వు. ఆగలేక, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. దాని వెనకే ఆడాళ్ళంతా, తర్వాత మేమూ, ఆనక మిద్దెల మీంచి లోగిలిలోకి తొంగిచూస్తున్న గల్లీ గల్లీ! అఖ్లాక్ పరిగెత్తుకొచ్చాడు. "ముందు నవ్విందెవరు?" మా మామగారు, అదే మీ ముత్తాత, సిగ్గుతో చచ్చిపోయి, "పెళ్ళికూతురు బాబూ" అన్నాడు. వాడు నన్ను కావలించుకుని "ఒరేయ్, నీ పెళ్ళాం నన్ను బతికించిందిరా!" అన్నాడు. మొహం చూడకముందే నవ్వు విన్నాను నేను, అదీ నా అదృష్టం.

ఆ తర్వాత వాడు ఎన్ని తీశాడు! వాడి నాటకం వస్తుంటే బజార్లు మూసేవాళ్ళు. ఇప్పటివాటిలా రికార్డు నవ్వులు అతికించుకునే ఖర్మ వాడికెందుకు? ఏది రాసినా ముందు మన వంటింటికే తెచ్చేవాడు. మీ నానమ్మ వెల్లుల్లి ఒలుస్తుంటే పీట మీద కూర్చుని చదివేవాడు. ఆవిడ నవ్విందా, ఉంటుంది. నవ్వలేదా, "సరే వదినా" అని అక్కడే చింపేసేవాడు. దేశం నవ్విన ప్రతి నవ్వూ ముందు మనింట్లో నవ్విందే తల్లీ, గుర్తుపెట్టుకో. మీ నానమ్మ పోయాక ఒకసారొచ్చాడు, కాయితాలు పట్టుకుని. అలవాటుగా వంటింట్లోకే వెళ్ళి, ఆ పీట మీదే కూర్చున్నాడు. నాకు చదివి వినిపించాడు. నేను గట్టిగా నవ్వాను. వాడు కాయితాలు మడిచేసి, "నువ్వు నా కోసం నవ్వావురా" అన్నాడు. మళ్ళీ తియ్యలేదు. ఎవరైనా పిలిస్తే వేషం వేశాడు గానీ, తియ్యడం మాత్రం...

ఆగాగు, అదే వస్తోంది. గుమ్మం దాకా వెళ్ళాడా? చెప్పులు... ఆఁ, కూర్చున్నాడు.

నవ్వావే! నేను చెప్తే కాదుగా? దానంతటదే వచ్చిందిగా?

సరే, సరే. వెళ్ళి చాయ్ పెట్టు.