బరంపురంలో చిలక ఫోను నిలబడతాదా?

అది కాదు వేణుబాబూ, ఆ కాయితం ముందు మడిసి బేగులో పెట్టండి. "మీ ప్రాంతంలో మన ఫోను వాటా పెరిగే అవకాశం ఉన్నదా" అని అచ్చేయించుకొని భువనేశ్వర్ నించి ఇంత దూరం వొచ్చేరా? ఆ మాట మూడేళ్ల కిందట అడగాల్సింది. ఆ రోజు ఎవలూ అడగలేదు. షాపు ముందర అరటిబోదెలు కట్టి, నా మెడలో దండేసి, ఫొటో తీసుకొని ఎల్లిపోనారు.

కూకోండి, కూకోండి. టీ వొస్తాది. ఎండన పడి వొచ్చేరు, మీ మీద నాకేటి కోపం? మీరు కొత్త. మీకు ముందర ముగ్గురు ఏరియా ఆఫీసర్లు మారిపోనారు. మీది సోంపేట అన్నారు గాబట్టి మన బాసలో సెప్తున్నాను. ఒడియాలో అయితే రెండు ముక్కల్లో తేల్చీదును. ఎదర షాపు సాహు భాయి రోజూ నన్ను సూసి అదే అంటాడు, "హెబొ నాహిఁ" అని. అవదు. అంతే. రాసుకోండి.

రాసుకోరు, నాకు తెలుసు. మీ గ్రాఫులో బరంపురం గీత పైకెల్తంది గదా మరి. దేశమంతా కిందకి జారిపోతంటే ఈ ఒక్క ఊర్లోనే పైకెల్తంది. ఏటి తాతారావుగారి రహస్యం, కనుక్కొని రండి అని మిమ్మల్ని తోలేరు. అవునా కాదా?

సరే, ఇనండి.

మీ కంపెనీ పెట్టిన పేరు మా వోళ్లకి నోరు తిరగదు. ఎనకాల బొత్తాం నొక్కితే వొచ్చిన మెసేజి తెలుగులో సదివి ఇనిపిస్తాది గదా, అందుకని చిలక ఫోను అన్నారు. ఆ పేరే ఉండిపోనాది. ఏటంటే బాబూ, మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్లో ఒడియా సదువుకున్నాం. తెలుగు అక్షరం మాలో సగం మందికి రాదు. నాకే రాదు, దాంట్లో సిగ్గేటి? శ్రీకాకుళం నించి శుభలేఖ వొస్తే ముహూర్తం ఎప్పుడో ఒకలితో సదివించుకోవాలి. అలాటిది ఓ ఫోను నా బాసలో నాకు సదివి ఇనిపిస్తే మనసు కరిగిపోదా? ఆ పని మిగతా ఫోన్లూ సేస్తాయని తరవాత తెలిసింది. అప్పుడు తెలీదు. ఎవలూ సెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండు పెద్ద కంపెనీలు దేశాన్నంతా పంచీసుకున్నాయి, మజ్జిని మూడోది నిలబడతాదా అని మా ఆవిడ సత్యవతి అప్పుడే అంది. ఆడోళ్లకేటి తెలుసు అన్నాను. మిగతా ఫోన్లన్నీ షాపులోంచి తీయించీసేను. అదీ నా తెలివి.

మా కోమటోళ్లలో ఓ పద్ధతుంది. సంఘం కార్యదర్శి కొత్త యాపారం పెడితే మనోళ్ల మొదటి బేరం అక్కడే అవ్వాలి. ఎవలూ శాసనం రాయలేదు. కానీ కొనకపోతే రేపు పెళ్లిలో ఎదురుపడ్డప్పుడు మొహం ఎక్కడ పెట్టుకుంటారు? అప్పుడు కార్యదర్శిని నేనే. పెదబజారోళ్లు వొచ్చేరు, ఛత్రపురం నించి మా పిన్ని కొడుకు వొచ్చేడు, అస్కా నించి మా వియ్యంకుడు కారేసుకొని వొచ్చేడు. ఇంటికి రెండేసి, మూడేసి పట్టుకెల్లేరు. నేను నా మాట సాతుర్యం అనుకున్నాను.

ఏడాది తిరిగీసరికి మీ వోళ్లు షీల్డు పంపేరు. అదిగో, గణపతి పటం పక్కన. జిల్లాలో అందరికన్నా ఎక్కువ పెరుగుదల అట.

అప్పుడు మీ ముందరాయన ఓ మాట సెప్పేడు. అమ్మితే సాలదండీ, వారానికోసారైనా తెరిస్తేనే ఆ ఫోను బతికున్నట్టు మా లెక్క అన్నాడు. సరేనని నేను మనోళ్లందరికీ ఫోన్లు సేసేను. వాడుతున్నారు గదా, మానీకండి అన్నాను. వాడుతున్నాం, వాడుతున్నాం అన్నారు. ఒక్కలూ కాదనలేదు.

మొన్న మాగంలో మా బావమరిది పూర్ణచంద్ర ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నేను వీధి గుమ్మంలో నిలబడి, కొబ్బరికాయలు ఇంకా కావాలా అని ఆడికి ఫోను సేసేను. ఆడు నా ఎదురుగానే ఉన్నాడు, పందిట్లో. సెవి దగ్గర ఫోనెట్టుకొని వంటోళ్లతో మాట్లాడతన్నాడు. నేను సేసిన ఫోను మాత్రం ఇంటి లోపల్నించి మోగుతంది. ఆడి పెళ్లాం ఉమాదేవి పరిగెట్టుకెల్లి ఇనప బీరువా తెరిచింది. పట్టుచీరల మజ్జిని మూడు చిలక ఫోన్లు, అట్టపెట్టెల్లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఏటమ్మా ఇది అన్నాను. ఆ పిల్ల దాచలేదు. "అన్నయ్యగారూ, ఆదోరం ఆదోరం తెరుస్తున్నాం గదా. మీ లెక్కకి లోటు రానీం" అంది.

ఇన్నారా వేణుబాబూ? ఒక్క ఇల్లు కాదు, అన్నిళ్లూ అంతే. ఆదోరం పూజయ్యేక దేవుడి దగ్గర దీపం పెట్టినట్టు ఆ ఫోను ఓసారి ఎలిగించి, మళ్లీ బీరువాలో పెట్టీడం. షాపుకొచ్చినప్పుడు మాత్రం నాకు కనబడీలాగ సేత్తో పట్టుకొని వొస్తారు. అదీ మీ గీత. మొహమాటం గీత అది. సుట్టాలు ఉన్నంతమట్టుకు పెరిగింది. సుట్టాలు అయిపోనారు, ఇంక ఎక్కడికి పెరుగుతాది?

ఏటి? కొత్త మోడలొస్తే వాడతారా?

మోడలు కాదు బాబూ. ఊరంతా ఒకల మొహం ఒకలు సూసుకొని మాట్లాడుకునే ఆ యాపు దీన్లో ఉండేది, తీసీసేరు. ఎందుకు తీసీసేరూ అంటే వాడీవోళ్లు తక్కువ. వాడీవోళ్లు ఎందుకు తక్కువా అంటే యాపు లేదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లవదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. మీరు ఎంత సదువుకున్నా దీనికి మొదలు ఎక్కడో సెప్పగలరా? సెప్పలేరు. నవ్వకండి, నాకు నవ్వు రావట్లేదు.

అయినా మీరు బాగుంది అనే రాస్తారు. గీత పైకెల్తంది, ఇంకో ఏడాది సూద్దాం అంటారు. మీ ఉజ్జోగం ఓ ఏడాది నిలబడతాది, నా షాపు బోర్డు ఓ ఏడాది నిలబడతాది. నిన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను. రాయనిద్దాం, మన సొమ్మేం పోనాది అని.

ఇయాళ వొద్దంటున్నాను. మూసీమనండి. ఎందుకో సెప్తాను, టీ సల్లారిపోతంది, తాగండి.

నా దగ్గర నిజంగా కొనుక్కున్న మనిషి ఒక్కర్తే. కన్నమ్మ అని దిగపహండి అవతల పల్లె. పొలం పన్లకి ఎల్తాది. మనోళ్లు కాదు, నా మొహమాటం ఆవిడకి లేదు. సదువు రాదు, బొత్తాం నొక్కితే తెలుగు మాట్లాడతాదని ఇష్టపడి కొన్నాది. ఇలాటి దాన్నే ఇంకోటి మొగుడికి సూరత్ పంపించింది.

మొగుడు పైడయ్య ఇరవయ్యేళ్లబట్టీ అక్కడ మగ్గాల మిల్లులో ఉన్నాడు. మీకు తెలుసు గదా, గంజాం నించి సగం మంది అక్కడే. ఆ మోతకి సెవులు పోయేయి. మామూలు ఫోను సేస్తే ఏటీ ఇనబడదు. సదవడమూ రాదు. అందుకని రోజూ ఫోన్లో మొహం సూసుకొని సేతుల్తో మాట్లాడుకునీవోళ్లు. కూర ఏటి ఒండేవు, ఆవు ఈనిందా, అన్నీ సేతుల్తోనే. ఓసారి నా షాపులోనే కూకొని మాట్లాడింది. నేను సూసేను. ఇద్దరూ ఒకటే నవ్వు.

యాపు తీసీసిన రోజు నించీ అది బందైపోనాది.

నాలుగు నెల్లు బాబూ. గంటన్నర బస్సు ఎక్కి, కూలి మానుకొని, ఏడుసార్లు వొచ్చింది. మొదట్లో ఎదురింటోళ్ల ఫోన్లోంచి, అక్కడ ఆడి గదిలో ఒకల ఫోనుకి కలిపించి ఓసారి సూసిందట. ఆళ్లందరూ సుట్టూ నిలబడి సూస్తంటే ఏటి మాట్లాడతాది? మళ్లీ అడగలేదు. "మీరు సెప్పండి బాబూ, ఎప్పుడొస్తాది" అనీది. వొస్తాది కన్నమ్మా, కంపెనీవోళ్లు సేస్తన్నారు, వొచ్చే నెల వొచ్చీసినట్టే అనీవోణ్ణి. ఏడుసార్లూ అదే అన్నాను.

అలా సూడకండి. ఇంకా ఉన్నాది.

వ్రతం అయిన మర్నాడే నేనూ వేరే కంపెనీది రెండో ఫోను కొనీసేను. ఇదిగో, జేబులో. దీన్లో ఆ యాపు ఉన్నాది. కన్నమ్మ బస్సు దిగి వొస్తన్నట్టు కనబడితే దీన్ని తీసి సొరుగులో పడీసీవోణ్ణి. ఆవిడ ఎల్లేదాకా తీసీవోణ్ణి కాదు. పైడయ్య గదిలో ఎవలి నంబరైనా అడిగి కలిపితే రెండు నిమిషాల పని. అది నాకు తెలీదేటి? తెలుసు. కానీ నా సేతిలో ఇది సూస్తే, మీరూ మార్చీసేరా బాబూ అంటాది గదా. ఊరంతా బీరువాలో పెట్టీసేరు. నిజంగా నమ్మింది ఈవిడొక్కర్తే. ఈవిడా మానీస్తే ఈ మూడేళ్లూ నేను సేసిందేటి? అంతే బాబూ. నా పరువు కోసం ఆళ్లిద్దర్నీ నాలుగు నెల్లు ఒకల్నొకలు సూసుకోనివ్వలేదు.

నిన్న ఇద్దరూ వొచ్చేరు. పైడయ్య మనిషి సగమైపోనాడు. పెళ్లాం మొహం ఎన్నాళ్లకీ కనబడకపోతే సచ్చిపోయింది, తనకి సెప్పకుండా దాస్తన్నారు అనుకున్నాడట. మిల్లులో ఎవలికీ సెప్పకుండా రైలెక్కీసేడు. ఆడి మగ్గం అప్పుడే ఇంకొకలికి ఇచ్చీసేరు. ఈ వయసులో, ఆ సెవుల్తో, మళ్లీ ఎవలిస్తారు?

కన్నమ్మ తిట్టలేదు. తిడితే బాగుండును. ఫోన్లు రెండూ గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టింది. "మీకు ఈటి మీద మమకారం గదా బాబూ, మీ దగ్గరే ఉంచుకోండి" అంది.

నేను లేచి నిలబడ్డాను. పైడయ్యా, తప్పు నాదే అన్నాను. దుకాణం పెట్టి ముప్పయ్యేళ్లు, ఒకలితో ఆ మాట అనడం అదే మొదలు. ఆడికి ఇనబడలేదు. ఎప్పుడొచ్చేవని అడిగేననుకున్నాడు కావాల, నాలుగ్రోజులైంది అన్నట్టు నవ్వుతూ నాలుగు వేళ్లు సూపించేడు.

కన్నమ్మకి ఇనబడింది. నేనేటన్నానో సేతుల్తో ఆడికి సెప్పొచ్చు గదా? నా వైపు సూసింది. సెప్పలేదు.