చివర నడిచేవాడు

హలో… ఆ, హిలరీ, నేనేనమ్మా… లెన్‌ని. కోల్డ్‌వెల్ అడవిలోంచి. … గాలి హోరు, కాస్త గట్టిగా మాట్లాడు.

లేదు, ఇంకా ఇళ్ళకు చేరలేదు. మన నడక జట్టులో మిగతావాళ్ళు పబ్బులో ఉన్నారు. నేనొక్కణ్ణే వెనక్కొచ్చా.

… అదే చెప్పబోతున్నా. కూర్చున్నావా? … సరే, నిలబడే విను. మీ నాన్న కనబడటంలేదు.

…

అంటే ఏం చెప్పను… కనబడటంలేదు. పబ్బులో అందరం బల్ల చుట్టూ కూర్చున్నాక చూశాం, ఆబ్రీ కుర్చీ ఖాళీ. ‘వస్తాడులే, పొలం గేటు వేసి వస్తుంటాడు’ అన్నాడు కాలిన్. ఆయన పళ్ళెంలో మాంసం చల్లారిపోయింది. రాలేదు.

… చివర. … అవును, చివరే నడిచాడు.

… తెలుసమ్మా. నువ్వు చెప్పావు. పోయిన నెల చర్చి బయట నన్నాపి మరీ చెప్పావు, నాన్నని చివర ఉంచొద్దు, మధ్యలో నడిపించండి అని. మరిచిపోలేదు.

… ఎందుకంటే — పొద్దున కారు దిగుతూనే చివర నడిచేవాడి పసుప్పచ్చ చొక్కా తొడిగేసుకున్నాడు. ఇన్నేళ్ళుగా అది ఆయన పని. ముందు నేను, చివర మీ నాన్న. ఎవరి కాలు బురదలో దిగబడ్డా లాగేది ఆయనే. ఆ చొక్కా విప్పమని ఎవరు చెప్తారు? మురియెల్ నావైపు చూసింది. నేను కాలిన్ వైపు చూశా. కాలిన్ ఆకాశంవైపు చూసి ‘వాన రాదులే’ అన్నాడు. నడక మొదలెట్టేశాం.

… తిట్టు. తిట్టమ్మా, పడతాను.

… అవును. అందర్నీ కనిపెట్టి చూసేవాణ్ణి వెనక్కి తిరిగి ఎవరు చూస్తారు? చూడలేదు.

… ఫోను కాలిన్ కారులో మరిచిపోయాడు. … పోలీసులకు మురియెల్ చెప్పింది. కుక్కల్ని తెస్తున్నారట.

… పడుతోందమ్మా చీకటి. చలికాలం లెక్కకి నిన్న రాత్రే గడియారాలు గంట వెనక్కి తిప్పారు కదా, ఆ లెక్క తప్పి తీరిగ్గా బయల్దేరాం. ఈ పెద్ద చెట్ల కింద అప్పుడే దారి మసగ్గా ఉంది.

పిలుస్తూనే ఉన్నా. ఆబ్రీ! … ఊహూఁ. అడవికోళ్ళు లేచిపోతున్నాయి తప్ప పలుకు లేదు.

ఆగు — ఆగాగు. బురదలో అడుగులున్నాయి. … ఆయనవే. ఎడమకాలు ఈడుస్తాడు కదా, మడమ గీత పడింది. … మేమొచ్చిన దారి కాదు. మేం వాగు పక్కన దిగాం. ఇవి పైకి పోతున్నాయి, చెస్ట్‌నట్ తోపులోకి.

… పైనా? పైన… పాత సున్నపురాయి గొయ్యి ఉంది. … కంచె ఉండేది. ఉందో లేదో తెలీదు.

హిలరీ. హిలరీ, ఏడవకు. ఊపిరి పీల్చుకో. ఫోను పెట్టొద్దు, ఏదో ఒకటి మాట్లాడుతుండు. ఇది ఎక్కుడు దారి, నాకూ తోడు కావాలి.

… మీ అమ్మ పోయినప్పట్నించా? … నీ పేరు కూడా మరిచిపోతున్నాడా? … ఎవరితోనూ అనలేదేం తల్లీ?

… నిజమే. మేమూ అడగలేదు. ‘నాన్న ఎలా ఉన్నాడు’ అంటే ‘బాగానే ఉన్నాడు, థాంక్స్’ అన్నావు. ‘మంచిది’ అన్నాం. ఇంకో మాట పొడిగిస్తే తప్పనుకునే మనుషులం.

… ఉండు. అక్కడేదో పసుపు… ఆకులేనేమో… కాదు, కదిలింది! ఆబ్రీ! ఏమోయ్!

… దొరికాడు. దొరికాడమ్మా! గొయ్యి దాకా పోలేదు, ఇవతల కంచె దాటే చెక్కమెట్టు మీద కూర్చున్నాడు. … దెబ్బల్లేవు. చేతులే మంచుముద్దల్లా ఉన్నాయి. — ఏమోయ్, ఈ కోటులో చెయ్యి పెట్టు. ఆ, ఇంకోటి. — గుర్తుపట్టాడులే. ‘దారి చూపించడం రాని గాడిదా’ అన్నాడు. … నవ్వు, పర్లేదు.

… ఇస్తున్నా. — ఆబ్రీ, హిలరీ మాట్లాడుతోంది. తీసుకో… వద్దంటున్నాడమ్మా. పనిలో ఉన్నాడట.

… లేవడంలేదు. చంకలో చెయ్యి వేసినా బిగుసుకుపోతున్నాడు. … ఇంకా ఒకరు రావాలట. వాళ్ళు ఈ కంచె దాటేదాకా కదలడట.

… అడిగా ఎవరని. చెప్పడంలేదు. దారివైపే చూస్తున్నాడు.

… వెనకెవరూ లేరు హిలరీ. అందరూ ఎప్పుడో దాటేశారు.

… అలా ఎలా చెప్పను? ‘వచ్చేశార్లే, పద’ అని ఈ మొహంలోకి చూసి అనలేను. ‘ఎవరూ లేరు’ అనీ అనలేను. నువ్వైతే అనగలవా?

… ఊఁ. … ఊఁ.

… సరే. వాగు దగ్గర టార్చిలైట్లు కనిపిస్తున్నాయి. కుక్కలు మొరుగుతున్నాయి. పోలీసులే అయ్యుంటారు. వచ్చేస్తారు, మోసుకైనా దించుతాం. నువ్వు పబ్బు దగ్గరికి రా. నెమ్మదిగా నడుపు, దారంతా ఆకులే, జారుతుంది.

… చెప్తా. … ఆ మాటా చెప్తా. ఫోను కింద పెడుతున్నా తల్లీ, ఆయన చేతులు రుద్దాలి.

— జరగవోయ్, నేనూ కూర్చుంటా. చేతులిటివ్వు… ఆబ్రీ. ఇటు చూడు, ఒక మాట అడుగుతాను. ఎన్నాళ్ళుగా నీకిలా ఉంటోంది?