పచూకా గాలి మోసిన బంతి

మెక్సికోలో పచూకా ఊరి కొండవాలు పేటలో ఆదివారం ఫుట్‌బాల్ ఆట ముగిసిందంటే, రెండో ఆట దోన్యా తోమాసా కొట్టు అరుగు మీద మొదలయ్యేది. దీనికి కాళ్ళతో పనిలేదు, నోరుంటే చాలు. ఈ ఆటలో లియోబార్దో అరియేతాని మించిన మొనగాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఆ వారం ఆయన మరీ పట్టుదల మీదున్నాడు. మైదానం అవతలి గోడ మీద, ఈ పేటలో పుట్టి మెక్సికోకి ఆడిన మహామహుల బొమ్మలు, కింద వాళ్ళ ముద్దుపేర్లతో సహా, వేస్తోంది రొసాల్బా. ముళ్ళపంది అయిపోయాడు, గద్ద అయిపోయాడు, చీమకి మీసం రంగు ఆరితే సరి. నాలుగో గుండ్రం ఖాళీగా ఉంది. అందులో ఎవర్ని వెయ్యాలో పొద్దుగుంకేలోగా తేల్చండని ఆవిడ రంగు చేతులతోనే వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆ గుండ్రంలో తన మొహం లేకపోతే ఈ బతుకెందుకు అనిపించింది లియోబార్దోకి. డెబ్బయ్యేళ్ళుగా ఈ పేటలోనే ఉన్నాడు, ఇంతవరకూ ఒక్క గోడా ఆయన్ని పట్టించుకోలేదు.

"నేను పెద్ద గొప్పేం చెప్పుకోనమ్మా," అన్నాడు, కజ్జికాయలాంటి వేడి పాస్తే అంచు తుంచి లోపలి బంగాళాదుంప ఊదుకుంటూ. "ఏదో ఒక్క కార్నర్ కిక్ కొట్టాను. అంతే."

"ఎప్పుడు కొంపాద్రే?" అన్నాడు నేస్తం సబ్బు. పేటకి పాత గోల్‌కీపరతను. చేతికొచ్చిన బంతి జారిపోవడమే గానీ ఆగడం ఎవరూ చూడలేదు.

"అదే చెప్తున్నా, మధ్యలో అడ్డుపడకు. అప్పటి మన గాలంటే ఏమనుకున్నావ్? ఇప్పుడు వీచేది గాలా, ముసలమ్మ విసనకర్ర! అప్పటి గాలికి మన కోళ్ళు పక్కపేటలో గుడ్లు పెట్టేవి. అలాంటి గాలిలో చీమ నా దగ్గరకొచ్చి, 'దోన్ లియోబార్దో, ఈ కార్నర్ కొట్టడం నావల్ల కాదు, మీరే దిక్కు' అన్నాడు. అప్పటికి నా బూట్లు మోసేవాడులే."

"చీమ నీకంటే పదేళ్ళు పెద్ద కదయ్యా!" లోపల్నించి తోమాసా కేకేసింది.

"పెద్దయితే మొయ్యకూడదా తల్లీ? బలముంది కాబట్టే మోశాడు. సరే, కొట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బంతి గోల్ మీంచి పోయింది, చర్చి గంటకి తగిలింది. పన్నెండయిందనుకుని ఫాదరు ప్రసంగం ఆపేశాడు. ఆ పుణ్యానికి జనం ఇప్పటికీ నాకు దణ్ణం పెడతారు. అక్కడితో ఆగిందా? ఆగితే నేనెందుకు చెప్తాను! గాలి దాన్ని ఎత్తుకుని కొండలు దాటించి రాజధానికి పట్టుకుపోయింది. సరిగ్గా అప్పుడే పెద్ద స్టేడియంలో మనవాళ్ళు ఆడుతున్నారు, ఒక గోల్ వెనకబడ్డారు, గద్ద గోల్ ముందు నిలబడి దిక్కులు చూస్తున్నాడు, పాస్ ఇచ్చే నాథుడు లేడు. పైనించి నా బంతి దిగింది. తల ఆనించాడు. గోల్!"

"మరి అక్కడ ఆడుతున్న బంతి?"

"మంచి మాట అడిగావ్ సబ్బూ. అది నా బంతిని చూసి సిగ్గుపడి తనంతట తానే గీత బయటికి దొర్లుకుంటూ పోయింది. రిఫరీ రూలు పుస్తకం తిరగేశాడు పాపం. మైదానంలో ఒక బంతి ఉండాలని ఉంది గానీ, ఏ ఊరిదో రాయలేదు."

అరుగు మీద నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వులకి లియోబార్దో ఇంకా రెచ్చిపోయాడు.

"ముళ్ళపందికి కృతజ్ఞత ఎక్కువ. 'ఎవరి బంతి వాళ్ళకి చేరాలి' అని అక్కణ్ణించి ఒక్క తాపు తన్నాడు. కొండలన్నీ దాటి నా గుండెల మీదికే వచ్చింది. నేను పక్కకి ఒంగాను, ఇక్కడా గోల్! ఒక్క కిక్కుకి దేశానికొకటి, పేటకొకటి. బంతి కణకణ కాలిపోతోంది. తోమాసా, ఆ రోజు మీ అమ్మ పొయ్యి వెలిగించలేదు, ఆ బంతి మీదే పాస్తేలు కాల్చింది."

"మా అమ్మ పోయింది కాబట్టి బతికిపోయావ్!"

"దేశాధ్యక్షుడు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. స్నానంలో ఉన్నాను. ఇక ఆ ముగ్గురూ పెద్ద ఆటకి వెళ్ళే ముందు వచ్చి నా కుడి మోకాలికి మొక్కి వెళ్ళేవాళ్ళు. చూడు, ఎలా అరిగిపోయిందో!"

రొసాల్బా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "సరే, మీ బొమ్మే వేస్తాను దోన్ లియోబార్దో."

ఆయన గుండె గంతులేసింది. "ముక్కు కాస్త తగ్గించమ్మా."

"అలాగే. కింద పేరేం రాయను?"

"లియోబార్దో అరియేతా మొన్రాయ్."

"అది కాదండీ. మైదానం పెట్టిన పేరు."

అరుగు మీది తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆ మట్టిలో ఒక్కసారి అడుగుపెట్టినా చాలు, ఎవడో ఒకడు ఏదో ఒక పేరు పెట్టేస్తాడు, అది చచ్చేదాకా వదలదు. సబ్బు అసలు పేరు వాళ్ళావిడే మర్చిపోయింది.

"నన్ను... తుపాను అనేవాళ్ళు," అన్నాడు లియోబార్దో.

"ఎవరు?" అన్నాడు సబ్బు. "సొంతంగా పెట్టుకుంటే చెల్లదు కొంపాద్రే."

తోమాసా పిండి చేతులతో గుమ్మంలోకొచ్చింది. "నాకు ఊహ తెలిసిన దగ్గర్నించీ నువ్వు లియోబార్దోవే. బాప్తిస్మంలో ఎలా పెట్టారో అలాగే ఉంది, మట్టి అంటలేదు. గీత వెంట పరిగెత్తే మా కుక్కని కూడా లైన్‌మన్ అంటారు. అది నీకంటే ఎక్కువ ఆడింది!"

జనం పడీ పడీ నవ్వారు. "అయితే దాన్నే వేస్తా," అంటూ రొసాల్బా మైదానం చుట్టూ తిరిగి గోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

లియోబార్దోకి ఏడుపొచ్చింది. కుర్రతనంలో ఈ అరుగు మీదే కూర్చుని, ఆటకి ఒకడు తక్కువైతే పిలుస్తారేమోనని ఎన్ని ఆదివారాలు చూశాడో! ఎవరూ పిలవలేదు.

"ఏం కొంపాద్రే, ఇంక మాట్లాడవా?" అన్నాడు సబ్బు మెల్లిగా.

"చెవి తప్పుగా వేస్తోంది," అన్నాడాయన గోడవైపే చూస్తూ. "ఎడమ చెవి ఒంగి ఉంటుంది దానికి. ప్రతి ఆటా చూశాను, నాకు తెలీదా?" ఇక ఉండబట్టక లేచాడు. చుట్టూ తిరిగి వెళ్ళే ఓపిక లేక తిన్నగా మైదానంలోకే దిగి, "చెవి! చెవి!" అని అరుస్తూ, దుమ్ము రేపుకుంటూ పోతున్నాడు.

"ఒరేయ్ చెవీ!" అరుగు మీంచి సబ్బు గొంతు చించుకున్నాడు. "మధ్యలోంచి పోకు, గీతలు చెరుగుతాయి!"

మైదానం నడిమధ్యన లియోబార్దో ఠక్కున ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"వినపడలేదు," అని అరిచాడు. "ఇంకోసారి పిలు!"