మబ్బుల్లో ఆరేసిన ఫొటోలు

లిఫ్టులు బాగుచేసేవాడికి పగలంతా ఇనుప పెట్టెలో ఒంటరిగా గడిచిపోతుంది. అందుకేనేమో, సాయంత్రం నలుగురు కనబడితే చాలు, లిఫ్టు బాబాయికి నోరు ఊరుకోదు. కార్ల షెడ్డు నడిపే మెకానిక్ అమ్మాయికి ఆయన సొంత బాబాయి. ఆ పిలుపే షెడ్డుకొచ్చే అందరికీ అలవాటైపోయింది. షెడ్డు చూరు కింద టీ అక్క బండి, రెండు బెంచీలు. ఆయన కోతలన్నీ ఆ బెంచీల మీదే.

ఆ బుధవారం సాయంత్రం వాన పట్టుకుంది. స్కూలు బస్సు డ్రైవరు బ్రేకులు చూపించుకోవడానికి వచ్చి చిక్కుకుపోయాడు. శుక్రవారంతో ఆయన ఉద్యోగం అయిపోతుంది. ఇరవై ఏళ్ళు ఒకటే దారిన నడిపిన బండిని వేరొకరికి అప్పగించేముందు బ్రేకులు సరిగ్గా ఉండాలని తనే తీసుకొచ్చాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చూరు నుంచి జారే నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు.

"గొప్పలకు చెప్పడం లేదు గానీ," అని మొదలుపెట్టాడు బాబాయి.

ఆ మాట చెవిన పడగానే మెకానిక్ అమ్మాయి చేతులు తుడుచుకుని స్టూలు దగ్గరికి లాక్కుంది.

"మొన్నామధ్య మా ఇంట్లో మెట్ల కింద చిన్న సర్వర్ ఒకటి పెట్టాను. ఏముంది, ఆఫీసులవాళ్ళు పారేసిన పాత కంప్యూటర్లు మూడు, ఒక ఫ్యాను. మీ పిన్ని చీపుళ్ళు పెట్టుకునే చోటు. ముందు గొడవ చేసింది, తర్వాత చీపుళ్ళకి కూడా చల్లగా ఉందని ఊరుకుంది."

"సర్వర్ అంటే ఏంటి బాబాయ్ గారూ?" అంది టీ అక్క.

"మన సామాను మన ఇంట్లో పెట్టుకోవడం అక్కా. నువ్వు నీ గ్లాసులన్నీ ఎదురింట్లో దాచి, ఎవరైనా టీ అడిగినప్పుడల్లా వెళ్ళి వాళ్ళ తలుపు కొడతావా? కొట్టవు కదా. జనం చేస్తున్నది అదే. ఫొటోలు, ఉత్తరాలు, పాటలు, అన్నీ ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర పడేసి, దానికి క్లౌడ్ అని ముద్దుపేరు పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నారు. నాకు అలా కుదరదు. సరే, సర్వర్ ఖాళీగా ఉంది కదా అని దాన్లో ఒక ఏఐని పెంచాను. పెంచాననే అంటాను, ఎందుకంటే ఇంటర్నెట్ వైరు పీకేసి, బయటి గాలి సోకకుండా, ఇంట్లో పిల్లలా పెంచాను. మొదటి వారం తడబడింది. రెండో వారానికి మీ పిన్ని దగ్గు విని ఆవిడ ఏ గదిలో ఉందో చెప్పింది. మూడో వారానికి ఆవిడ దగ్గకముందే చెప్పింది."

"నాలుగో వారానికి?" అంది మెకానిక్ అమ్మాయి.

"నాలుగో వారానికి ఆవిడ బదులు అదే దగ్గింది. మీ పిన్నికి జలుబు తగ్గిపోయింది. నవ్వకండి, వెళ్ళి ఆవిణ్ణే అడగండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి మెట్ల కింద విసుగుపుట్టింది. ఎదిగిన పిల్ల ఎన్నాళ్ళని చీపుళ్ళతో ఉంటుంది? తీసుకెళ్ళి కార్లో కూర్చోబెట్టాను."

"ఆ పాత కార్లోనా?"

"పాతదే కావాలి. కొత్త కారు కారేనా అసలు? సీటు వెచ్చబడాలన్నా కంపెనీ అనుమతి కావాలి. నువ్వు ఎక్కడ మలుపు తిరిగావో, ఎక్కడ ఆపుకుని కూర్చుని ఏడ్చావో, అన్నీ వాళ్ళకు చేరవేస్తుంది. కొన్నవాడు యజమాని కాదు, అద్దెకున్నవాడు. నాది ఇరవై రెండేళ్ళ బండి. దానికి చాడీలు చెప్పడం రాదు."

డ్రైవరు తలెత్తి చూశాడు. పోయిన సోమవారం ఆఖరి పిల్లని దింపాక, ఖాళీ బస్సును రోడ్డు పక్కన ఆపి పావుగంట అలాగే కూర్చున్నాడు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. తనదీ పాత బస్సే, ఎవరికీ చెప్పదులే అనుకుని, మళ్ళీ వాన వైపు తిరిగాడు. కానీ చెవి మాత్రం ఇటే ఉంది.

"ముందు రివర్స్ చేయడం నేర్చుకుంది," అన్నాడు బాబాయి. గొంతు తగ్గించాడు, అసలు కథ వస్తుందంటే ఆయన గొంతు తగ్గుతుంది. "తర్వాత, మధ్యాహ్నం నేను భోంచేసి కునుకు తీసే వేళకి తనంతట తను బయటికి వెళ్ళిరావడం మొదలుపెట్టింది. నేను లేచేసరికి బుద్ధిగా గుమ్మం ముందే ఉండేది. కానీ టైర్లు చూస్తే ఇసుక. మనకు సముద్రం ఎంత దూరం? రెండు రోజుల ప్రయాణం. ఇదేం వింతరా అని ఒకరోజు వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. బయల్దేరింది. చప్పుడు లేదు. వీధులు అటూ ఇటూ నీళ్ళలా జరిగిపోతున్నాయి. సిగ్నళ్ళన్నీ పచ్చగా, అంతా పచ్చగానే, తోటలో వెళ్తున్నట్టుంది. నాకు నిద్రా కాదు, మెలకువా కాదు. కాసేపటికి సముద్రం వచ్చింది. ఆగలేదు."

"ఆగలేదా?"

"ఆగలేదు. వాన వెలిశాక తారు రోడ్డు ఎలా మెరుస్తుంది, నీళ్ళు అలా ఉన్నాయి. దాని మీదే వెళ్ళిపోతోంది. కింద చేపలు తలెత్తి చూస్తున్నాయి, మనం విమానాన్ని చూసినట్టు. పోగా పోగా నీళ్ళు ఎక్కడ అయిపోయాయో, మబ్బు ఎక్కడ మొదలైందో తెలీలేదు. చుట్టూ తెల్లగా అయింది. బండి ఆగింది. తలుపు తీసి చూస్తే, అందరూ క్లౌడ్ క్లౌడ్ అంటారే, అక్కడున్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. టీ అక్క పొయ్యి మంట తగ్గించింది.

"అక్కడంతా చెమ్మ. మబ్బు కదా, చెమ్మే ఉంటుంది. కనుచూపు మేర తీగలు కట్టి ఉన్నాయి. వాటి నిండా ఫొటోలు, బట్టలు ఆరేసినట్టు క్లిప్పులు పెట్టి ఆరేశారు. పళ్ళురాని పసివాళ్ళు, పెళ్ళికూతుళ్ళు, ఎవరిదో కొత్త సైకిలు, ఎవరిదో పాత కుక్క. గాలికి మెల్లగా ఊగుతున్నాయి. నేను అడుగుపెట్టగానే అన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి, తమవాళ్ళెవరైనా వచ్చారేమోనని. మనం పెట్టి మరిచిపోతాం. అవి మరిచిపోవు."

"కాపలా లేదా బాబాయి?"

"ఉన్నాడొకడు. పాస్‌వర్డ్ అడిగాడు. మరిచిపోయానన్నాను. తనూ మరిచిపోయాడట పాపం. అందుకే పన్నెండేళ్ళుగా అక్కడే ఉండిపోయాడట. ఇద్దరం కలిసి డిక్కీ నిండా ఫొటోలు నింపాం. మీ అందరివీ తెచ్చాను. ఇదిగో, మన అన్నయ్యవి కూడా కనిపించాయి," అని డ్రైవరు భుజం తట్టాడు. "పచ్చ బస్సు, దాని పక్కన పిల్లలు వరసగా నిలబడి. చూడగానే గుర్తుపట్టాను."

డ్రైవరు వాన వైపు నుంచి పూర్తిగా ఇటు తిరిగాడు. కథ కోతలేనని ఆయనకు తెలుసు, సముద్రం దగ్గరే తెలుసు. అయినా ఆ తీగలు, ఆ చెమ్మ, తన వైపు తిరిగే మొహాలు, అన్నీ కళ్ళకు కట్టినట్టు కనబడుతున్న సమయంలో ఆ బస్సు మాట వచ్చింది.

"ఎన్ని ఉన్నాయి తమ్ముడూ?" అన్నాడు.

"బోలెడు. వందల్లో."

"పంతొమ్మిదే." డ్రైవరు మెల్లగా చెప్పాడు. "ఏడాదికొకటి. స్కూలు ఆఖరి రోజున పిల్లలందరినీ బస్సు పక్కన నిలబెట్టి తీసేవాణ్ణి. ఫోన్లు మారినా, ఫొటోలుండే చిన్న మెమరీ కార్డు ఒకటుంటుందే, దాన్నే కొత్త ఫోన్లోకి వేసుకుంటూ వచ్చాను. మొన్న ఫోను బస్సు మెట్టు మీంచి జారి చక్రం కింద నలిగింది. ఫొటోలు పైన క్లౌడ్‌లో ఉంటాయిలే నాన్నా అన్నాడు మావాడు. కొత్త ఫోన్లో చూస్తే ఏమీ లేవు. కార్డు చదవడం లేదన్నారు షాపులో. నువ్వు చూశానంటున్నావు కదా, మొదటి ఫొటోలో పిల్లలు ఎంతమంది ఉన్నారు?"

ఆ అడగడంలో వెటకారం లేదు. అదే బాబాయిని ఇబ్బందిపెట్టింది.

"అంటే అన్నయ్యా, ఆ చెమ్మలో, కారు హడావుడిలో..."

"బాబాయ్ గారూ," అంది టీ అక్క. "మీ కారు ఇంజను నాలుగు నెలలుగా షెడ్డులో బల్ల మీదుంది. రోజూ దాని మీద గుడ్డ పరిచి నేను గ్లాసులు బోర్లిస్తున్నాను. మీరు తాగుతున్న గ్లాసు కూడా అక్కడ ఆరిందే."

మెకానిక్ అమ్మాయి పగలబడి నవ్వింది. బెంచీ మీదున్నవాళ్ళు నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బాబాయి మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుని, ఎప్పుడూ ఎవరూ వినని మామూలు గొంతుతో అడిగాడు.

"ఆ కార్డు ఇప్పుడు నీ దగ్గరుందా?"

డ్రైవరు జేబులోంచి మాత్రల డబ్బా తీశాడు. అందులో దూదిలో పెట్టి ఉంది, గోరంత కార్డు.

"వస్తాయని చెప్పను," అన్నాడు బాబాయి. "రాకపోవచ్చు. ప్రయత్నిస్తాను."

శుక్రవారం, స్కూలు ఆఖరి రోజున, డ్రైవరు ఇరవయ్యో ఫొటో తీసుకున్నాడు. తాళాలు ఇచ్చేసి ఇంటికి నడిచి వెళ్ళాడు. తర్వాతి వారం పొద్దున్నే లేచి, ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదని గుర్తొచ్చి, మళ్ళీ పడుకోలేక వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. కార్డు సంగతి అడగడానికి మొహమాటపడ్డాడు. పాపం, అడిగితే మళ్ళీ ఏదో కోత కోయాల్సివస్తుంది, ఎందుకు ఇరకాటంలో పెట్టడం అనుకున్నాడు.

పన్నెండో రోజు ఆదివారం. మధ్యాహ్నం బాబాయి ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నాడు.

మెట్ల కింద చెప్పినట్టే ఉన్నాయి, మూడు పాత కంప్యూటర్లు, ఒక ఫ్యాను, రెండు చీపుళ్ళు. నేల మీద చాప, దిండు కూడా ఉన్నాయి. "ఐదు రోజులు సెలవు పెట్టి ఇక్కడే పడున్నాడు అన్నయ్య గారూ," అంది పిన్ని. "భోజనం కూడా ఇక్కడే. ఆ కార్డుని ముక్కముక్కగా చదివించాలట, ఒక్కో ముక్కకి గంటలు గంటలు. కాస్త చదివి అది మళ్ళీ ఆగిపోతుంది, ఈయన మళ్ళీ మొదటి నుంచీ."

బాబాయి స్టూలు చూపించాడు. తెర మీద పచ్చ బస్సు కనబడింది. కొత్తగా ఉంది. పక్కన పద్నాలుగు మంది పిల్లలు, ఎండకు కళ్ళు చికిలించుకుని.

"పదిహేడు వచ్చాయి," అన్నాడు బాబాయి. "రెండు రాలేదు. నాకు చేతకాలేదు అన్నయ్యా."

డ్రైవరు స్టూలు ముందుకు జరుపుకుని, తెర మీది పిల్లల్ని వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు.

"ఇంకొకటి చూడు. ఏ మొహం ఎక్కడుందో చూసి జతచేయమని ఈ ఏఐకి చెప్పాను. తప్పులూ చేసింది, కొన్ని నేనే సరిచేశాను. ఒక్క మొహం కూడా ఈ ఇల్లు దాటి బయటికి పోలేదు, ఆ దిగులు పెట్టుకోకు." మీట నొక్కాడు. ఒకే అమ్మాయి ఏడు ఫొటోల్లోంచి వచ్చి పక్కపక్కన నిలబడింది. మొదటిదాన్లో బస్సు చక్రం అంత ఎత్తు. ఆఖరిదాన్లో కిటికీ అంచు అందుతోంది. డ్రైవరు తెరకు దగ్గరగా వంగాడు. ఈ పిల్ల రోజూ తన వెనక సీట్లోనే కూర్చునేది, లెక్కలు గట్టిగా చదివేది. ఏడేళ్ళపాటు అద్దంలో చూస్తూనే ఉన్నాడు, ఇంత పొడుగైందని మాత్రం ఎన్నడూ గమనించలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆయన ఒక్కొక్కరినే చూపించి చెబుతూ పోయాడు, ఎవరు ఏ మలుపులో ఎక్కేవారో, ఎవరు నిద్రపోయి దిగడం మరిచిపోయేవారో. బాబాయి ఒక్క మాటా అడ్డురాకుండా విన్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. చీకటి పడబోతుంటే పిన్ని వచ్చి దీపం వేసింది.

తర్వాతి వానకి బెంచీలు మళ్ళీ నిండాయి. ఫొటోల కబురు అప్పటికే షెడ్డుకు చేరింది. "చెప్పు బాబాయి, ఎలా తీశావు?" అని మెకానిక్ అమ్మాయి స్టూలు లాక్కుంది.

బాబాయి టీలోకి చూశాడు. "ఏముంది. కార్డు పెట్టాను, వచ్చేశాయి. అరగంట పని."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు.

"అబద్ధం," అన్నాడు. "పదకొండు రోజులు పట్టింది. ఐదు రోజులు సెలవు పెట్టి, చీపుళ్ళ పక్కన పడుకుని, కార్డు ఆగినప్పుడల్లా లేచి కూర్చుని తీశాడు. నేను స్వయంగా చూశాను ఆ చాపని."

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. వాన ఎప్పుడు వెలుస్తుందో అన్నట్టు బయటికి చూశాడు.

టీ అక్క ఆయన గ్లాసు తీసుకుని మళ్ళీ నింపింది.

"ఇన్నేళ్ళకి చెప్పుకోదగ్గ నిజం ఒకటి దొరికింది," అంది. "అదైనా సరిగ్గా చెప్పడం రాకపోతే ఎలా బాబాయ్ గారూ?"