రెండుసార్లు తడితే

అతను జూడో తరగతి నుంచి వచ్చి, ఆ రోజే ఇచ్చిన నల్ల బెల్టును దేవుడి పటం ముందు పెట్టాడు. కూతురి గది తలుపు పొద్దుటి నుంచీ మూసే ఉంది.

“కోపం తగ్గాలనేగా ఐదేళ్లుగా వెళ్తున్నారు?” అంది భార్య.

“తగ్గింది కదే!”

“అక్కడ చెయ్యి మెలిపెట్టినప్పుడు అవతలివాడు రెండుసార్లు తడితే ఏం చేస్తారు?”

“వెంటనే వదిలేస్తాం. అదే మొదటి పాఠం.”

“పొద్దున ఫోన్ లాక్కోవడానికి పిల్ల చెయ్యి మెలిపెట్టారే, అది గోడమీద రెండుసార్లు తట్టింది. మీరు నేర్పిందేగా?”

అతను తల దించుకున్నాడు. “చూశాను.”

“మరి?”

“అక్కడైతే గురువుగారు చూస్తుంటారు.”

ఆమె బెల్టు తీసి అతని చేతిలో పెట్టింది.

“ఇక్కడా ఒకాయన చూశాడు. ఆయన ముందు దీన్ని పెట్టకండి.”